చర్మం బిగిసిన రోజే ఊపిరితిత్తులు చూడాలి

స్క్లెరోడెర్మా కంటికి కనిపించేది చర్మం మీద. ముందు వేళ్ళు ఉబ్బుతాయి, కొన్నాళ్ళకు బిగుసుకుపోతాయి. పిడికిలి పడదు, సంగటి ముద్ద చేసుకోవడానికి వేళ్ళు వంగవు. ముఖం మీది ముడతలు పోయి నోరు చిన్నదవుతుంది. మెడ మీదా రొమ్ము మీదా తెల్లచుక్కలు, నల్లచుక్కలు కలగలిసి రంగు మారుతుంది. కర్నూలు దగ్గరి నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఇలాంటి మనిషి వైద్యానికి బయలుదేరితే మొదట చేరేది చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికే. కనిపించే బాధకు మందు అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఈ జబ్బులో మనిషి ఆయుష్షును తేల్చేది చాలాసార్లు చర్మం కాదు, ఊపిరి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో వర్జీనియా స్టీన్, థామస్ మెడ్స్‌గర్ అనే ఇద్దరు వైద్యులు 1972 నుంచి 2002 దాకా తమ రోగుల మరణాలకు కారణాలను లెక్కగట్టి 2007లో ప్రచురించారు. మొదట్లో ఈ జబ్బు వల్ల చనిపోయినవారిలో 42 శాతం మంది కిడ్నీ దెబ్బతిని పోయేవారు. చివరికి అది 6 శాతానికి తగ్గింది. అదే ముప్పై ఏళ్ళలో ఊపిరితిత్తులు గట్టిపడి పోయినవారి వాటా 6 శాతం నుంచి 33 శాతానికి పెరిగింది. యూరప్ దేశాల రోగుల వివరాలతో 2010లో వచ్చిన లెక్క కూడా దీన్నే బలపరిచింది. జబ్బు నేరుగా తీసిన ప్రాణాల్లో 35 శాతానికి ఊపిరితిత్తుల మచ్చలు, 26 శాతానికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరిగిన ఒత్తిడి కారణమని అందులో తేలింది. ఈ అంకెలు ముందుంచుకుంటే చెప్పాల్సిన మాట ఒక్కటే మిగులుతుంది. స్క్లెరోడెర్మా అని తేలిన ప్రతి మనిషికీ, ఆయాసం ఉన్నా లేకపోయినా, వెంటనే ఊపిరితిత్తుల పరీక్షలు జరగాలి. ఆయాసం వచ్చాక చూద్దాంలే అనుకునే పద్ధతి మన దగ్గర మారాలి.

జబ్బు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి దారితప్పి సొంత కణజాలం మీదే తిరగబడటం దీనికి మూలం. దానివల్ల సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. ఆ దెబ్బను మాన్పడానికి ఒళ్ళు తయారుచేసే కొలాజెన్ అనే పీచుపదార్థం ఎక్కడ ఆగాలో అక్కడ ఆగకుండా పేరుకుపోతుంది. గాయం మానాక మిగిలే మచ్చ లాంటిదే గాయం లేనిచోట కూడా తయారవుతుందన్నమాట. చర్మంలో, అన్నవాహికలో, ఊపిరితిత్తుల్లో, గుండెలో, కిడ్నీల్లో ఎక్కడైనా ఇది జరగవచ్చు. మగవారికంటే ఆడవారిలో చాలా ఎక్కువ. సాధారణంగా ముప్పైకీ యాభైకీ మధ్య వయసులో, అంటే ఇంటి బరువూ చేని పనీ రెండూ మోసే కాలంలో పట్టుకుంటుంది. అంటువ్యాధి కాదు, ఒకరి నుంచి ఒకరికి రాదు. ఇటలీలోని నేపుల్స్‌లో కార్లో కుర్జియో అనే వైద్యుడు చర్మమంతా బిగుసుకుపోయిన ఒక అమ్మాయి గురించి 1753లోనే వివరంగా రాశాడు. చలికి వేళ్ళు తెల్లబడి, నీలంగా మారి, మళ్ళీ ఎర్రబడే లక్షణాన్ని ఫ్రాన్స్ వైద్యుడు మారిస్ రేనాడ్ 1862లో వర్ణించాడు, దానికి ఆయన పేరే నిలిచింది. చాలామందిలో చర్మం బిగియడానికి నెలలో, ఏళ్ళో ముందే ఈ రేనాడ్ లక్షణం కనిపిస్తుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే కర్నూలు సీమలో చలి జబ్బేమిటని కొట్టిపారేయడానికి లేదు. పుష్యమాసపు తెల్లవారుజామున తొట్టి నీళ్ళతో అంట్లు తోమినా, ఏసీ గదిలో కూర్చున్నా, గట్టిగా దిగులుపడినా కూడా వేళ్ళు పాలిపోతాయి. చామనఛాయ ఒంటి మీద ఆ రంగుల మార్పు అంత తేటగా కనిపించదు కాబట్టి తిమ్మిర్లనీ నరాల బలహీనతనీ అనుకుని బి కాంప్లెక్స్ మాత్రలతో సరిపెట్టుకోవడం జరుగుతుంది.

ఊపిరి రెండు ముఖ్యమైన దారుల్లో చిక్కుకుంటుంది, ఆ రెంటినీ వేరుగా అర్థం చేసుకోవాలి. మొదటిది ఊపిరితిత్తుల్లోనే మచ్చలు పడటం. గాలిగదుల గోడలు ఎంతో పలుచన, ఆ పలుచదనం వల్లనే ఆక్సిజన్ నెత్తురులోకి దాటగలుగుతుంది. ఆ గోడల్లో ముందు వాపు వస్తుంది, తర్వాత కొలాజెన్ చేరి మందమవుతుంది. ఎండి బిరుసెక్కిన కపిల బానలో మునుపటంత నీళ్ళు పట్టనట్టు, ఊపిరితిత్తి సాగే గుణం పోగొట్టుకుని ప్రతి శ్వాసకూ తక్కువ గాలి తీసుకుంటుంది. ఇది సాధారణంగా రెండు ఊపిరితిత్తుల అడుగుభాగాల్లో మొదలవుతుంది. డాక్టరు వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెట్టి గట్టిగా ఊపిరి తీసుకోమన్నప్పుడు చెప్పుల మీది వెల్‌క్రో పట్టీని లాగినప్పుడు వచ్చే చప్పుడు వినిపిస్తే అది ముఖ్యమైన ఆనవాలు. ఉబ్బసంలో వచ్చే పిల్లికూతలకూ దీనికీ సంబంధం లేదు. చాలామంది స్క్లెరోడెర్మా రోగుల్లో స్కాన్ తీస్తే ఎంతో కొంత మచ్చ కనబడుతుంది. అందరిలోనూ అది పెరగదు. మూడోవంతు మందిలో బతుకును ఇబ్బంది పెట్టే స్థాయికి చేరుతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఎవరిలో పెరుగుతుందో మొహం చూసి చెప్పలేం. చర్మం మోచేతులు దాటి పైచేతులకూ రొమ్ముకూ పాకినవారిలో, నెత్తురు పరీక్షలో ఎస్‌సీఎల్-70 అనే ప్రతిదేహం ఉన్నవారిలో ప్రమాదం ఎక్కువ. చేటు జరిగేది ఎక్కువగా జబ్బు మొదలైన తొలి నాలుగైదేళ్ళలోనే.

రెండో దారి రక్తనాళాలది. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు నెత్తురు తీసుకుపోయే సన్నని ధమనుల గోడలు మందమై, లోపలి దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి నెత్తురు తోయడానికి గుండె కుడి గది ఎక్కువ బలం పెట్టాలి. కొన్నాళ్ళు పెడుతుంది, తర్వాత అలసిపోతుంది. అప్పుడు కాళ్ళ వాపు, మెట్లెక్కితే కళ్ళు తిరగడం, సొమ్మసిల్లడం మొదలవుతాయి. పదిమంది రోగుల్లో సుమారు ఒకరికి వచ్చే ఈ చిక్కు చర్మం వేళ్ళ వరకే బిగిసి, జబ్బు తేలికగానే ఉందనిపించే మనుషుల్లో కూడా వస్తుంది. పైగా పదేళ్ళు, పదిహేనేళ్ళు గడిచాక, అంతా సర్దుకుందని మనిషి నెమ్మదించిన కాలంలో వస్తుంది. అందుకే ఒకసారి పరీక్ష చేసి బాగుందని పంపేస్తే సరిపోదు. ఈ రెండు దారులే కాకుండా ఆయాసానికి ఇంకా కారణాలున్నాయి. అన్నవాహిక కండరం బలహీనపడి కడుపులోని పులుపు పైకి ఎగదన్ని, నిద్రలో చుక్కచుక్కగా ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. గుండె కండరంలోనే మచ్చలు పడవచ్చు. శ్వాస కండరాలు వాయవచ్చు. కడుపులోంచి కనబడకుండా నెత్తురు పోయి రక్తహీనత రావచ్చు. రొమ్ము మీది చర్మం చాలా బిగిస్తే పక్కటెముకలు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. ఒకే మనిషిలో వీటిలో రెండు మూడు కలిసే ఉంటాయి కాబట్టి ఆయాసానికి మందు రాసేముందు అది ఎక్కడిదో వెతకక తప్పదు.

మన ప్రాంతంలో ఇది ఆలస్యంగా బయటపడటానికి కారణం అజ్ఞానం ఒక్కటే అనడం అన్యాయం. ఊపిరితిత్తుల్లో చాలా మిగులు ఉంటుంది. కొంత భాగం పోయినా కూర్చున్నప్పుడూ నెమ్మదిగా నడిచినప్పుడూ లోటు తెలియదు. పైగా వేళ్ళూ కీళ్ళూ బిగిసిన ఆడమనిషి పత్తి ఏరడానికీ మిరపకాయలు కోయడానికీ పోవడం ముందే మానేసి ఉంటుంది. పని తగ్గింది గనక ఆయాసం రాదు, ఆయాసం రావడం లేదు గనక ఊపిరితిత్తులు బాగున్నాయని ఇంట్లో అనుకుంటారు. నాలుగు అడుగులకే గసపోసుకునే స్థితి వచ్చేసరికి ఊపిరితిత్తిలో చాలా భాగం తిరిగి రాని మచ్చగా మారి ఉంటుంది. అప్పుడు కూడా ఆయాసానికి మన దగ్గర సిద్ధంగా ఉన్న పేర్లు వేరు. ఎక్కువమంది ఆడవాళ్ళకు నెత్తురు తక్కువ కాబట్టి ఐరన్ మాత్రలు ఇస్తారు. కట్టెల పొయ్యి దగ్గరా పత్తి కట్టెల పొగలోనూ ఏళ్ళ తరబడి వంట చేసింది కాబట్టి ఉబ్బసం అంటారు. పొడిదగ్గు ఆగకపోతే క్షయ అంటారు. క్షయను అనుమానించడం ముమ్మాటికీ సరైనదే. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం తెరిచిన రోజుల నుంచి ఈ సీమకు ఆ జబ్బు బాగా తెలుసు, ఇప్పటికీ అది మనల్ని వదలలేదు. కానీ కఫం పరీక్షలో, జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షలో క్రిమి దొరకకపోయినా, ఎక్స్‌రేలో కింది భాగాన ఏదో మసక కనబడిందని ఆరు నెలల మందుల కోర్సు మొదలుపెడితే, పోయేది ఆ ఆరు నెలలు మాత్రమే కాదు. మచ్చ వేగంగా పెరిగే తొలి ఏళ్ళలోంచి ఆరు నెలలు పోతాయి. రంగు మారిన చర్మాన్ని చూసి కుష్టు అనో బొల్లి అనో ఊళ్ళో అనుకుంటారన్న భయంతో నిండుగా కొంగు కప్పుకుని ఇంట్లోనే ఉండిపోయే ఆడవాళ్ళ విషయంలో పోయే కాలం ఇంకా ఎక్కువ.

ఆయాసం లేకపోయినా పరీక్షలు చేయాలనడానికి గట్టి ఆధారం ఉంది. చాలాచోట్ల ముందు తీసేది ఛాతీ ఎక్స్‌రే. తొలిదశ మచ్చలు అందులో పడవు, కాబట్టి ఎక్స్‌రే మామూలుగా ఉందన్న మాటతో ధైర్యపడటానికి లేదు. తర్వాతిది గొట్టంలోకి గట్టిగా ఊదించి గాలి ఎంత పడుతుందో కొలిచే స్పైరోమెట్రీ. ఇందులో ఎఫ్‌వీసీ అనే కొలత 80 శాతానికి పైన ఉంటే మామూలుగా ఉన్నట్టు లెక్క. 2015లో 102 మంది రోగులతో వచ్చిన ఒక అధ్యయనం ఈ లెక్కను పరీక్షకు పెట్టింది. వాళ్ళలో 64 మందికి హెచ్‌ఆర్‌సీటీ అనే సూక్ష్మమైన స్కాన్‌లో చెప్పుకోదగ్గ మచ్చలు కనిపించాయి. ఆ 64 మందిలో 40 మంది ఊదుడు పరీక్ష మాత్రం మామూలుగానే వచ్చింది. అంటే స్పైరోమెట్రీ ఒక్కదాన్నే నమ్ముకుంటే సగానికి పైగా మనుషులకు మీకేమీ లేదని చెప్పి పంపినట్టే. అందువల్ల జబ్బు తేలినప్పుడే ఒకసారి హెచ్‌ఆర్‌సీటీ తీయాలి, అదే రోజుల్లో స్పైరోమెట్రీతోపాటు డీఎల్‌సీఓ అనే పరీక్షా చేయాలి. గాలి ఎంత పడుతుందన్నది స్పైరోమెట్రీ చెబితే, పట్టిన గాలిలోంచి నెత్తురులోకి ఎంత దాటుతోందన్నది డీఎల్‌సీఓ చెబుతుంది. గాలి పట్టే శక్తి బాగానే ఉండి దాటే శక్తి మాత్రం పడిపోయి ఉంటే డాక్టరు రక్తనాళాల వైపు చూడాలి, గుండెకు ఎకో పరీక్ష చేయించాలి. అమెరికా కీళ్ళవాత వైద్యుల సంఘం, ఛాతీ వైద్యుల సంఘం కలిసి 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ఇలాంటి జబ్బుల్లో శ్వాస పరీక్షలతోనూ హెచ్‌ఆర్‌సీటీతోనూ ముందే వెతకమంటున్నాయి.

కోవిడ్ కాలం నుంచి చాలా ఇళ్ళలో వేలికి తగిలించే ఆక్సిమీటరు ఉంది, ఆశా కార్యకర్తల దగ్గరా ఉంది. ఈ జబ్బులో దాన్ని వేలికి పెట్టి చూసిన అంకెను నమ్మకూడదు. వేలికొసల్లో నెత్తురు సరిగా ఆడదు కాబట్టి ఆ యంత్రం అసలు కంటే తక్కువ చూపించవచ్చు, ఒక్కోసారి ఏ అంకే చూపించకపోవచ్చు. చెవితమ్మెకో నుదుటికో పెట్టే రకంతో కొలిస్తే నిజానికి దగ్గరగా వస్తుంది. ఇంకో పొరపాటు దీనికి తలకిందులది. కూర్చున్నప్పుడు 97 చూపించింది కాబట్టి ఊపిరితిత్తులు బాగున్నాయనుకోవడం. మచ్చలున్న ఊపిరితిత్తి కూర్చున్న మనిషికి చాలినంత ఆక్సిజన్ అందిస్తూనే, ఆరు నిమిషాలు నడిపిస్తే చేతులెత్తేస్తుంది. నడిపించి కొలవని కొలత ఇక్కడ సగం కొలతే.

ముందే పరీక్షలు చేయాలన్న మాటకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనది. నయం కాని జబ్బును ముందే కనిపెట్టి ఏం లాభం, మనిషిని ముందునుంచే దిగులుపెట్టడం తప్ప అంటారు. పడిన మచ్చను తుడిచేసే మందు లేదన్నది నిజం, దాన్ని దాచి రాయడం మోసం అవుతుంది. కానీ పడబోయే మచ్చను తగ్గించే మందులున్నాయి, అవి పనిచేస్తాయని చీటీలు వేసినట్టు రోగులను రెండు గుంపులుగా విడదీసి చేసిన పరీక్షల్లోనే తేలింది. 2006లో 158 మందితో అమెరికాలో జరిగిన పరీక్షలో సైక్లోఫాస్ఫమైడ్ మాత్ర ఏడాదిపాటు వేసుకున్నవారి ఊపిరి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే కొద్దిగా మెరుగ్గా నిలిచింది. తేడా చిన్నదే, రెండున్నర శాతం. ఆ మందు దుష్ఫలితాలూ తక్కువవి కావు. అందుకే 2016లో 142 మందితో దాన్ని మైకోఫెనోలేట్‌తో పోల్చి చూశారు. రెండు మందులతోనూ ఊపిరి సామర్థ్యం కొంచెం పెరిగింది, మైకోఫెనోలేట్‌ను మనుషులు ఎక్కువగా తట్టుకోగలిగారు. ఈరోజు చాలామంది నిపుణులు మొదట ఎంచుకునేది ఇదే. 2019లో 576 మందితో నింటెడనిబ్ అనే మచ్చల నిరోధక మందును పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు ఏడాదిలో సగటున 93 మిల్లీలీటర్ల ఊపిరి సామర్థ్యం పోగొట్టుకుంటే, మందు వేసుకున్నవారు 52 పోగొట్టుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కూడా వయసుతో ఏటా పాతిక, ముప్పై మిల్లీలీటర్లు తగ్గుతుంది. ఆ లెక్కన చూస్తే జబ్బు దోచుకునే దానిలో పెద్ద వాటానే ఆ మందు ఆపింది. దానివల్ల నలుగురిలో ముగ్గురికి విరేచనాలయ్యాయి, అదీ చెప్పుకోవాలి. టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌ను 2021లో అమెరికా ఔషధ సంస్థ ఈ చిక్కుకే అనుమతించింది. ఈ మందులన్నిటికీ ఒకే గుణం ఉంది. ఉన్నదాన్ని కాపాడతాయి, పోయినదాన్ని పెద్దగా తెచ్చి ఇవ్వవు. తొంభై శాతం ఊపిరి ఉన్నప్పుడు మొదలుపెడితే కాపాడేది తొంభై, యాభై దగ్గర మొదలుపెడితే కాపాడేది యాభై. నయం కాదన్న అభ్యంతరం నిజానికి ముందుగా వెతకడానికే కారణమవుతోంది.

కిడ్నీ కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఒకప్పుడు ఈ జబ్బులో బీపీ హఠాత్తుగా పెరిగి కిడ్నీలు ఆగిపోతే మనిషి వారాల్లో పోయేవాడు. 1980 ప్రాంతంలో కాప్టోప్రిల్ లాంటి ఏస్ ఇన్హిబిటర్ మందులు రావడంతో ఆ స్థితి మారింది. అయితే మాత్ర ఒక్కటే ప్రాణాలు నిలపలేదు. ఇంట్లోనే తరచుగా బీపీ చూసుకుని, పెరిగిన వెంటనే పరుగెత్తే అలవాటును డాక్టర్లు రోగులకు నేర్పారు. మందూ అలవాటూ కలిసి పనిచేశాయి. ఊపిరితిత్తుల విషయంలో మందు వచ్చింది, అలవాటు ఇంకా రాలేదు.

కిడ్నీ మాట వచ్చింది కాబట్టి మన పల్లెల్లో అన్నిటికంటే ఆందోళన కలిగించే సంగతి చెప్పాలి. ఆయాసమని వచ్చినవారికి స్టెరాయిడ్ ఇంజెక్షనో మాత్రలో ఇవ్వడం ఊరి వైద్యంలో అలవాటుగా మారింది. ఉబ్బసం ఉన్నవారికి దానితో వెంటనే హాయిగా ఉంటుంది. స్క్లెరోడెర్మా ఉన్నవారికి కూడా కీళ్ళనొప్పులు తగ్గి, ఆకలి పుట్టి, ఒక వారం బాగున్నట్టే ఉంటుంది. ఆ బాగు నమ్మదగింది కాదు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 15 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ వాడినవారిలో ఇందాక చెప్పిన కిడ్నీ ఉపద్రవం ఎక్కువగా వస్తుందని 1998లోనే స్టీన్, మెడ్స్‌గర్ చూపించారు. 2023 మార్గదర్శకాలు స్క్లెరోడెర్మా ఊపిరితిత్తుల చిక్కుకు మొదటి చికిత్సగా స్టెరాయిడ్లు వాడవద్దని గట్టిగా చెప్పాయి. కండరాల వాపు లాంటి కారణాలకు నిపుణుడు కొద్ది మోతాదులో ఇవ్వడం వేరు. సంత నాడు సూది వేయించుకుని రావడం వేరు. ఇదివరకే స్టెరాయిడ్లు వాడుతున్నవారు దీన్ని చదివి ఒక్కరోజులో మానేయకూడదు, అదీ ప్రమాదమే. చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా తగ్గించుకోవాలి, బీపీ చూసుకుంటూ ఉండాలి.

రెండో అభ్యంతరం ఖర్చు, దూరం. నందికొట్కూరు నుంచి కర్నూలు ముప్పై కిలోమీటర్ల లోపో పైనో ఉంటుంది, హైదరాబాదు అక్కడి నుంచి ఇంకో రెండు వందల పైచిలుకు. ఒక్కసారి వెళ్ళి రావడమంటే ఇద్దరి కూలి, బస్సు ఛార్జీలు, తిండి ఖర్చు. ఇవన్నీ నిజమైన కష్టాలే. కానీ మొదటి పరీక్షల కోసం హైదరాబాదు పోనక్కర్లేదు. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా పెద్దాసుపత్రి ఉంది, 2023లో నంద్యాలలో కూడా ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఛాతీ వైద్యుడికి చూపించుకోవడం, స్పైరోమెట్రీ, సీటీ, ఎకో మెడికల్ కాలేజీ ఆసుపత్రి స్థాయిలో జరగాల్సిన పనులు. ఆ ఫలితాల్లో తేడా ఉన్నప్పుడు హైదరాబాదు నిమ్స్ లాంటి చోట కీళ్ళవాత వైద్య నిపుణులకు చూపించి మందు నిర్ణయించుకుని, తర్వాతి నెలవారీ రక్తపరీక్షలూ మందులూ కర్నూలులోనే కొనసాగించవచ్చు. ఏటా స్కాన్ తీయాల్సిన పనీ లేదు. మొదటిది గీత గీసినట్టు ఉంచుకుని, తర్వాత తొలి కొన్నేళ్ళు నాలుగు నుంచి ఆరు నెలలకోసారి ఊదుడు పరీక్ష, ఏడాదికోసారి ఎకో చేయించుకుంటూ, తేడా వస్తేనే మళ్ళీ స్కాన్ తీస్తారు. రేడియేషన్ భయానికీ జవాబు అదే. మైకోఫెనోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ పాత మందులే, వేరువేరు కంపెనీలవి దొరుకుతాయి. నింటెడనిబ్‌కు కూడా మన దేశంలో జెనరిక్ రకాలున్నాయి. రక్తనాళాల ఒత్తిడికి వాడే సిల్డెనఫిల్, టడలఫిల్ కూడా అంతే. దీనికి ఎదురుగా ఆలస్యం చేసే ఖర్చును పెట్టి చూడాలి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం, దానికి కరెంటు, పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాల్సిన అవసరం, మధ్యమధ్యలో ఐసీయూ. చేని మీద బతికే కుటుంబాన్ని అప్పులో ముంచేవి ఇవి.

మూడో అభ్యంతరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైపు నుంచి వస్తుంది. రోజుకు వందమంది వచ్చే చోట ప్రతి ఆయాసం వెనకా ఇలాంటి అరుదైన జబ్బును వెతకడం సాధ్యమా అని. సాధ్యం కాదు, అలా వెతకమనీ ఎవరూ అడగడం లేదు. ఇక్కడి వాదన చర్మం నుంచి ఊపిరితిత్తులకు పోతోంది. చర్మం బిగిసిన మనుషులు ఒక మండలంలో కొద్దిమందే ఉంటారు, ఆ కొద్దిమందిని పై ఆసుపత్రికి పంపితే చాలు. ఎదురు దిశలో చేయాల్సింది చాలా చిన్న పని. ఉబ్బసం మందుకు తగ్గని, కఫంలో క్రిమి దొరకని ఆయాసం ఉన్న మనిషి చేతులను ఒకసారి చూడాలి, చలికి వేళ్ళు తెల్లబడతాయా అని అడగాలి. దానికి అర నిమిషం కూడా పట్టదు.

ఇంతసేపూ ఆడవారి గురించే చెప్పుకున్నాం. ఈ సీమలో మగవారి విషయంలో వేరుగా జాగ్రత్త పడాల్సిన కారణం ఒకటుంది, అది రాతి దుమ్ము. ఎడిన్‌బరోలో బైరమ్ బ్రామ్‌వెల్ అనే వైద్యుడు 1914లో తన దగ్గరికి వచ్చిన తొమ్మిదిమంది స్క్లెరోడెర్మా రోగుల్లో అయిదుగురు రాతిపనివారేనని రాశాడు. 1957లో దక్షిణాఫ్రికాలో ఎరాస్మస్ అనే వైద్యుడు విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో పనిచేసేవారిలో ఈ జబ్బు కనబడుతున్న తీరును, ముఖ్యంగా వాళ్ళ ఊపిరితిత్తుల స్థితిని వివరించాడు. సిలికా దుమ్ము పీల్చినవారిలో స్క్లెరోడెర్మా వచ్చే అవకాశం ఎక్కువని ఆ తర్వాతి అధ్యయనాలూ చెప్పాయి. మన దేశంలో కూడా రాళ్ళు కొట్టేవారిలో ఈ జబ్బూ, సిలికా దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్‌ కలిసి కనిపించిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె, తాడిపత్రి నాపబండల గనులూ పాలిష్ ఫ్యాక్టరీలూ వేలమందికి తిండి పెడుతున్నాయి. ఇక్కడ తూకం తప్పకుండా మాట్లాడాలి. నాపరాయి సున్నపురాయి జాతి, అందులో స్ఫటిక సిలికా గ్రానైట్‌లోనో క్వార్ట్‌జైట్‌లోనో ఉన్నంత ఉండదు. కాబట్టి నాపబండ కోసే ప్రతివారికీ ఈ ముప్పుందని బెదిరించడం తప్పు. కానీ రాతి పనివాడు ఒకే రాయితో బతకడు. ఒక ఏడు నాపరాయి, ఇంకో ఏడు గ్రానైట్, మరోచోట బోరు డ్రిల్లింగ్, క్రషర్. అలాంటి మనిషికి వేళ్ళు బిగుస్తుంటే అతనికి రెండు వైపుల నుంచి ఊపిరితిత్తులకు చేటుంది. నీళ్ళు పోస్తూ కోయడం, దుమ్మును పీల్చేసే యంత్రాలు పెట్టడం యజమానుల బాధ్యత. ముఖానికి కట్టుకునే తువాలు ఆ సన్నని దుమ్మును ఆపలేదు. సిలికోసిస్ చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తివ్యాధి. కాబట్టి డాక్టరు పనివాడి వృత్తి చరిత్రను చీటీ మీద రాయడం వైద్యానికే కాకుండా పరిహారానికి కూడా పనికొస్తుంది.

పరీక్షలు అయి, మందు మొదలయ్యాక ఇంట్లో చేసుకోవాల్సినవి కొన్నున్నాయి. రాత్రి భోజనం పొద్దుగూకగానే ముగించి, రెండు మూడు గంటల తర్వాత, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని పడుకోవాలి, కడుపులోని పులుపు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది. బీడీ, సిగరెట్టు పూర్తిగా మానాలి, ఇంట్లో ఇంకొకరు తాగేది కూడా. వంట గ్యాసు మీదికి మారాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలుపెట్టేముందు లోపల దాగిన క్షయ ఉందేమో చూడటం మన దేశంలో తప్పనిసరి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవాలి. పెళ్ళయి పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్న ఆడవారు ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే మైకోఫెనోలేట్, సైక్లోఫాస్ఫమైడ్, రక్తనాళాల ఒత్తిడికి వాడే బోసెంటాన్ కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. ఆయాసం వస్తుందని కదలకుండా కూర్చోబెట్టడం ప్రేమ అనిపిస్తుంది గానీ మేలు చేయదు. ఓపిక మేరకు రోజూ నడిస్తే కండరాలు ఉన్న ఊపిరితోనే ఎక్కువ పని చేస్తాయి.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో వేళ్ళు బిగిసి, చలికి చేతులు పాలిపోయే మనిషి ఉంటే, ఆమె ఇప్పుడు నవ్వుతూ తిరుగుతున్నా సరే, ఈ నెలలోనే కర్నూలుకో నంద్యాలకో తీసుకెళ్ళండి. చర్మానికి చీటీ రాయించుకున్నాక లేచి రావద్దు. ఊపిరితిత్తుల సీటీ స్కాన్, స్పైరోమెట్రీ, డీఎల్‌సీఓ, గుండె ఎకో చేయించమని పేరుపేరునా అడగండి. డీఎల్‌సీఓ అక్కడ దొరకదంటే ఎక్కడ చేస్తారో చీటీ మీద రాయించుకోండి. వచ్చిన రిపోర్టులు తేదీల వరసన ఒక కవరులో దాచండి. తర్వాత చూసే డాక్టరు ఊపిరి తగ్గుతోందా నిలిచిందా అని తేల్చేది ఆ పాత అంకెలతో పోల్చే.